గనుల శ్రమయు, వ్యాయామ విరామమును: ఒక చారిత్రక పరిశీలన

కోలారు బంగారు గనులను గూర్చి ముచ్చటించునపుడు మనవారు బంగారపు తూకములను, సొరంగముల లోతులను చెప్పుదురు. ఆ లోతులలో శ్రమించిన దేహములను గూర్చి చెప్పుట అరుదు. వ్యాయామ శాస్త్రము నిరూపించిన ఒక సత్యమును ఆధారముగా గొని ఆ దేహముల చరిత్రను పరిశీలించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఆ సత్యమిది: కొద్దిసేపు తీవ్రముగా శ్రమించి, కొద్దిసేపు విరమించి, మరల శ్రమించినచో దేహదార్ఢ్యము త్వరితముగా వృద్ధిపొందును. దీనినే ఇంటర్వెల్ ట్రెయినింగ్ అందురు. 1930వ దశకమున జర్మనీయందు గెర్ష్లరు అను శిక్షకుడును, రైన్డెల్ అను వైద్యుడును దీనికి శాస్త్రీయ రూపము నొసంగిరి. గెర్ష్లరు శిష్యుడు హార్బిగ్ 1939లో మిలాను నగరమున 800 మీటర్లను 1 నిమిషము 46.6 సెకండ్లలో పరుగెత్తి ప్రపంచ రికార్డు నెలకొల్పెను. ఇట్టి సాధనయే చేసిన చెక్ వీరుడు జాటోపెక్ 1952 హెల్సింకీ ఒలింపిక్సులో మూడు స్వర్ణపతకములను గెలుచుకొనెను.

1996లో జపాను శాస్త్రజ్ఞుడు టబాటా తన పరిశోధనను ప్రకటించెను. 20 సెకండ్లు మిక్కిలి తీవ్రముగా సైకిలు తొక్కి, 10 సెకండ్లు విరమించుచు, ఏడెనిమిది మారులు అట్లే చేయుట ఆ పద్ధతి. ఆరు వారములలో ఆ యువకులకు ఆక్సిజన్‌ను వినియోగించుకొను శక్తి పెరిగినది. అంతేగాక, ఆక్సిజన్ చాలని వేళ శ్రమింపగల శక్తియు 28 శాతము హెచ్చినది. మితవేగముతో గంటసేపు తొక్కినవారికి ఈ రెండవ శక్తి పెరుగలేదు. మన గరిడీలలో బస్కీలు తీసి, ఊపిరి నిలుపుకొని, మరల గోదాలోనికి దిగు మల్లునకు ఈ మర్మము అనుభవవేద్యమే.

అట్లయినచో దినమంతయు రాతిని తొలిచిన మన పెద్దలు వజ్రకాయులు కావలసియుండెను గదా! చరిత్ర వేరొక విధముగా పలుకుచున్నది. 1880లో జాన్ టేలరు కంపెనీ ఇచట ప్రవేశించిన పిమ్మట తెలుగువారు, తమిళులు వేలకొలదిగా పనికి చేరిరి. కాలక్రమమున చాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్ల లోతును మించెను. అచటి రాతి వేడిమి 60 డిగ్రీలు దాటెను. అట్టి వేడిలో గుండె కండరములకే గాక, దేహమును చల్లార్చుటకు చర్మమునకును రక్తమును అధికముగా పంపవలసివచ్చును. దానికి తోడు రాతిధూళి. 1947లో వెలువడిన సర్వే ప్రకారము పరీక్షింపబడిన 7,653 మంది కార్మికులలో 43.7 శాతమునకు సిలికోసిస్ అను శ్వాసకోశవ్యాధి కలదు. ఆ ధూళిచే గట్టిపడిన ఊపిరితిత్తిని ఏ వ్యాయామమును పూర్వస్థితికి తేజాలదు.

భేదము శ్రమ తీవ్రతలో లేదు. క్రీడాకారుని విరామము ముందుగా నిర్ణయింపబడినది, అతడు పీల్చు గాలి శుభ్రమైనది. గని కార్మికునికి ఆ రెండును తన వశమున లేవు.

2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడినవి. మా పాఠశాల బాలురు మైదానమున పరుగెత్తి, ఆగి, గుండెనిండ గాలి పీల్చి, మరల పరుగెత్తుట చూచునపుడు వారి తాతలకు లభింపనిదేమో నాకు స్ఫురించును. బంగారము లెక్కతోపాటు ఈ లెక్కయు మన చరిత్రలో చేరవలెను.