కరెంటు లేని పూట బేస్ గిటార్

వాన వెలిసింది గానీ గాలి తగ్గలేదు. హనుమాన్ జంక్షన్ రద్దీ దాటి బాపులపాడు సందుల్లోకి తిరిగితే తోటల గట్ల వెంబడి పిల్లలు గోనె సంచులు పట్టుకుని రాలిన కాయలు ఏరుతున్నారు. మే నెల గాలివాన అంటే ఇక్కడ అంతే. చెట్టు మీద ఉన్నప్పుడు రసం, కింద పడితే పచ్చడి కాయ. ఏ కొమ్మ విరిగి ఏ తీగ మీద పడిందో తెలియదు, ఊరంతా కరెంటు లేదు. లైన్‌మన్ బయల్దేరాడని ఒకరు, ఇంకా బయల్దేరలేదని ఇంకొకరు. ఈ రెండు మాటలూ కలిపి వింటే దీపాలు పెట్టే వేళకి కూడా రాదనే అర్థం.

మీరు కాళ్లు కడుక్కుని పెంకుటింటి వసారాలోకి వస్తారు. లోపలి గదిలోంచి వరిగడ్డిలో మాగేసిన చిన్న రసాల వాసన. ఈ కాయలు బాపులపాడు చుట్టుపక్కల కాసినా అమ్మేటప్పుడు నూజివీడు రసాలే. ఆమాటకొస్తే హనుమాన్ జంక్షన్‌లో ఉన్న రైల్వే స్టేషన్ బోర్డు మీదా నూజివీడు అనే ఉంటుంది. 2022లో జిల్లాలు విడగొట్టాక నూజివీడు ఏలూరు జిల్లాకి పోయి, బాపులపాడు కృష్ణాలోనే ఉండిపోయింది. పేరు మాత్రం విడిపోలేదు.

వసారాలో అన్నదమ్ములిద్దరు. అన్నయ్య చేతిలో మామూలు అకౌస్టిక్ గిటార్, తమ్ముడి ఒళ్లో నాలుగు తీగల ఎలక్ట్రిక్ బేస్. ఆదివారం చర్చిలో వాయించాలి, ఇవాళ తప్పితే ఇద్దరికీ ఖాళీ లేదు. ఆంప్లిఫయర్ మూల కూర్చుని ఉంది, దాని ప్లగ్గు నేల మీద.

"కరెంటు పోతే ఆ దుంగకి నోరు కూడా పోతుందేంట్రా?" అంటుంది మామ్మ, పీట మీద కూర్చుని దెబ్బ తగిలిన కాయలు వేరు చేస్తూ.

మామ్మ అన్నది అక్షరాలా నిజం. 1951లో లియో ఫెండర్ ప్రెసిషన్ బేస్ తెచ్చినప్పటి నుంచి ఈ వాయిద్యం ఒళ్లు చాలావరకు గట్టి చెక్కే, లోపల డొల్ల ఉండదు. గాలిని కదిలించే పని మొత్తం స్పీకరుకి అప్పగించేశారు. తమ్ముడు లావు తీగ మీటుతాడు. తీగ అదరడం మీకు కంటికి కనిపిస్తుంది, చెవికి మాత్రం దోమంత చప్పుడు. ఆ తీగ సెకనుకి 41 సార్లు కంపిస్తోంది. అంత మంద్రమైన శబ్దానికి ఒక అల పొడవు ఎనిమిది మీటర్ల పైమాటే, ఒంటి తీగ అంత గాలిని కదపలేదు. పైగా మన చెవి కూడా దానికి సాయం చెయ్యదు. చప్పుడు తగ్గేకొద్దీ మంద్రస్వరాలే ముందు చెవి నుంచి జారిపోతాయని ఫ్లెచర్, మన్సన్ 1933లోనే కొలిచి చూపించారు.

ముందుగా వాళ్లకి తట్టిన ఉపాయం రెండు సన్న సెల్లులతో నడిచే హెడ్‌ఫోన్ ఆంప్. అగ్గిపెట్టెకి కాస్త పెద్దది, బేస్‌కి నేరుగా గుచ్చితే చాలు. ఇయర్‌ఫోను ఒకటి తమ్ముడి చెవిలో, రెండోది అన్నయ్య చెవిలో. మిగిలిన చెవులు గిటార్‌కి. ఒకే కాడికి కట్టిన ఎడ్లలా ఇద్దరూ మోకాళ్లు తగిలేలా కూర్చుని పల్లవి వాయిస్తారు. బాగానే ఉంది. మీకు మాత్రం గిటార్ ఒక్కటే వినిపిస్తుంది. చరణంలోకి వెళ్లేసరికి అన్నయ్య తాళం కోసం తల ఊపాడు, ఇయర్‌ఫోను ఊడి మామిడికాయల్లో పడింది. కాసేపటికి సెల్లులూ అయిపోయాయి.

"మందు కొట్టే స్ప్రేయర్‌లో 12 వోల్టుల బ్యాటరీ ఉంది, అది పీకుదామా?" అంటాడు తమ్ముడు. అన్నయ్య చూసిన చూపుకి ఆ ప్రస్తావన అక్కడితో ఆగింది.

ఇక మిగిలింది చెక్క. తమ్ముడు కుర్చీ జరుపుకుని బేస్ తలని, బిరడాలున్న కొసని, గదిలోని పాత భోషాణానికి ఆనించి మీటాడు. మొద్దు చప్పుడు. రెండంగుళాల టేకు పలక, దాన్ని కదిలించడం తీగ వల్ల కాదు. "గీతలు పడతాయిరా, మా అమ్మ ఇచ్చింది" అని మామ్మ కేక. పక్కనే బట్టల బీరువా ఉంది, తలుపులు పల్చటి ప్లైవుడ్. కొసని తలుపు నడిమధ్యన ఆనించి మళ్లీ మీటాడు.

ఈసారి బీరువా పలికింది! మీరు చెయ్యి చాచి తలుపు మీద పెడితే అరచేతిలోకి స్వరం పాకుతుంది. అంచు దగ్గర ఆనిస్తే తగ్గుతుంది, నడుమకి వస్తే పెరుగుతుంది. లోపల వేలాడే హ్యాంగర్లు ఒక స్వరం దగ్గర మాత్రం గలగలమంటాయి, వాటిని తీసి మంచం మీద పడేశారు. నూజివీడు వీణలకి పేరు. పనస దుంగని తొలిచి కుండ చేసి, దాని మీద పల్చటి పలక మూసేవాళ్లకి ఇందులో వింతేం ఉండదు. తీగ దగ్గర బలం కొంచెమే, దాన్ని పల్చటి చెక్క మీదికి మళ్లించాలి. ఎలక్ట్రిక్ బేస్ పోగొట్టుకున్న కుండని ఈ పూటకి బీరువా అరువిచ్చింది.

అయినా గిటార్ ముందు అది చాలదు. ఇక్కడే అన్నయ్య తెలివి చూడాలి. ముందు ప్లెక్ట్రమ్ జేబులో వేసుకున్నాడు, బొటనవేలి కండతో మీటడం మొదలుపెట్టాడు. గిటార్ సగానికి తగ్గింది. తర్వాత అయిదో ఫ్రెట్ మీద, తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే కాపో బిగించాడు. పాట జి శ్రుతిలో ఉంది కాబట్టి ఇప్పుడు డి కార్డు ఆకారం పట్టుకుంటే చాలు, లావు తీగలు రెండూ ముట్టుకోనక్కర్లేదు. అతని కింది స్వరం 196 హెర్ట్జ్ దగ్గర ఆగింది. తమ్ముడేమో అట్టడుగు జి వదిలేసి ఒక స్థాయి పైకి వచ్చాడు, అంటే 98. ఇద్దరి మధ్యా స్థాయి తేడా అలాగే ఉంది, బేస్ మాత్రం చెవికి అందే చోటికి వచ్చింది.

చాలామంది గిటార్ వాయించేవాళ్లు పక్కన బేస్ ఉన్నా ఆరు తీగలూ బాదేస్తారు, అదే నా ఫిర్యాదు. ఇళయరాజా పాటల్లో బేస్ అంత స్పష్టంగా వినిపించడానికి, అది విడిగా ఒక బాణీలా నడవడం ఎంత కారణమో, మిగతా వాయిద్యాలు ఆ చోటు ఖాళీగా వదలడం అంతే కారణం. 1989 నాటి 'గీతాంజలి' పాటలు మళ్లీ వినండి, ఈసారి మాటలు పక్కన పెట్టి.

శ్రుతి చూసుకోవడం ఇంకో తంటా. ఫోన్‌లోని ట్యూనర్‌కి లావు తీగ అందడం లేదు, ముల్లు ఊగిసలాడుతోంది. తమ్ముడు పన్నెండో ఫ్రెట్ మీద వేలు తాకీ తాకనట్టు పెట్టి మీటితే రెట్టింపు స్వరం గంటలా వచ్చింది, ముల్లు నిలబడింది.

ఇప్పుడు చరణం. ఆంప్ ఉంటే స్వరాలు ఒకదాని మీద ఒకటి దొర్లిపోతాయి, వేలు ఎప్పుడు లేచిందో ఎవరికీ పట్టదు. బీరువా తలుపు మీద అంతా పొడిగా వినిపిస్తోంది. కార్డు మారేముందు తమ్ముడి వేలు ప్రతిసారీ తొందరగా లేస్తోంది, ఆ సందులో పాట కుంటుతోంది.

"నా చెయ్యి కిందకి దిగేదాకా ఆగరా."

"ఆగుతున్నా అన్నయ్యా."

"లేదు. మామ్మని అడుగు."

మామ్మ తలెత్తకుండానే "ఆగట్లేదు" అంది.

మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నారు. ఈసారి తమ్ముడు అన్నయ్య మణికట్టు మీద నుంచి చూపు తిప్పలేదు, చరణం జారకుండా దాటింది. నాలుగిళ్ల అవతల ఎవరో "వచ్చింది!" అని అరిచారు, వసారాలో ఫ్యాను తిరిగింది. ఆంప్ ప్లగ్గు ఇంకా నేల మీదే ఉంది.

"ఆదివారం ఆంప్ ఉన్నా సరే, నువ్వా కాపో తియ్యొద్దు అన్నయ్యా. కింది జి నేను వాయించుకుంటా."

"ముందు మూడో చరణం ఆగి వాయించు. కాపో సంగతి తర్వాత చూద్దాం."