కైఫీయతు అను మాట

కైఫీయతు అరబ్బీ మాట. 'ఎట్లు' అని అర్థమిచ్చు 'కైఫ' నుండి పుట్టి, పారసీ ద్వారా మన కచ్చేరీలకు వచ్చి, జరిగిన సంగతిని తెలుపు వాఙ్మూలమునకు పేరైనది.

తరువాత 1815లో భారత సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ కొరకు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులును వారి సహాయకులును సేకరించిన గ్రామచరిత్రలకు ఇదియే పేరు. కరణముల దండకవిలెలు, శాసనములు, వృద్ధుల మాటలు వానికి ఆధారములు. గుడి మాన్యములు, చెరువులతోపాటు పుక్కిటి కథలును వానిలో కలవు. శాసనములతో సరిచూడక వానిని నమ్మరాదు; కథలున్నవని పారవేయనూరాదు. రాజుల చరిత్రలలో కానరాని పల్లె వానిలో మాటాడుచున్నది.

శతవత్సర చరిత్ర వ్రాయబూనిన మనమును పల్లె సంఘముల పెద్దలను 'ఎట్లు జరిగినది?' అని అడిగి, చెప్పినవారి పేరు, తేదీతో వ్రాసికొనవలెను. వారు గతించిన పిమ్మట జవాబు చెప్పువారుండరు.