గాలి అందనిచోట గట్టిపడే జిగురు

1937లో ఎడ్వర్డ్ టర్నర్ రూపొందించిన ట్రయంఫ్ స్పీడ్ ట్విన్ బ్రిటిష్ మోటార్‌సైకిళ్ళకు మూడు దశాబ్దాల పాటు నమూనాగా నిలిచింది. అందులో రెండు పిస్టన్లూ ఒకేసారి పైకి లేచి, ఒకేసారి కిందికి దిగేవి. ఇంజను చూడడానికి ముచ్చటగా ఉండేది. తయారీ ఖర్చూ తక్కువే. కాని రెండు పిస్టన్లూ ఒకే దిక్కుకు కదలడం వల్ల పుట్టే అదురు చట్రంలోని ప్రతి నట్టునూ, ప్రతి బోల్టునూ తాకేది. దూరప్రయాణం ముగించి దిగిన ప్రతిసారీ పానా పట్టుకుని బండి చుట్టూ ఒకమారు తిరిగిరావడం ఆ బండ్ల యజమానులకు అలవాటైపోయింది. చివరికి 1967లో నార్టన్ సంస్థ తన కమాండో బండిలో ఇంజనునే రబ్బరు దిమ్మల మీద కూర్చోబెట్టింది. అదురును ఆపలేక, దాన్ని ఒక మూలకు నెట్టడమే ఆ ఉపాయం.

ఇదే చిక్కుకు మరో పరిష్కారం అంతకు ముందే అమెరికాలో, మోటార్‌సైకిళ్ళతో ఏ సంబంధమూ లేని చోట పుట్టింది. 1940లలో జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధకులు ఒక వింత ద్రవాన్ని తయారుచేశారు. గాలి తగులుతున్నంతసేపూ అది ద్రవంగానే ఉంటుంది. గాలి అందకపోతే గట్టిపడుతుంది. అయితే దాన్ని నిల్వ ఉంచాలంటే అందులోకి ఎడతెగకుండా గాలి బుడగలు ఊదుతూ ఉండాలి. అలాంటి సరుకును ఎవరు కొంటారు? ఆ సంస్థలో రసాయనవేత్తగా పనిచేస్తున్న రాబర్ట్ క్రీబుల్ ఈ సంగతి తండ్రికి చెప్పాడు. తండ్రి వెర్నన్ క్రీబుల్ కనెక్టికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కళాశాలలో రసాయనశాస్త్ర ఆచార్యుడు. అప్పటికే అరవై దాటిన వయసు. గాలి ఊదే అవసరం లేకుండా, మామూలు సీసాలో నిలవుండే మిశ్రమాన్ని ఆయన సాధించాడు. 1953లో ఒక చిన్న సంస్థ పెట్టాడు. 1956లో న్యూయార్క్‌లో ఆ జిగురును లోకానికి చూపించాడు. దానికి లాక్‌టైట్ అని పేరు పెట్టింది ఆయన కోడలు నాన్సీ.

దీని రసాయనం సూక్ష్మమైనదే గాని అర్థం కానిది కాదు. మిథాక్రిలేట్ అణువులు ఒకదానికొకటి గొలుసులా అతుక్కోబోతుంటే గాలిలోని ఆక్సిజన్ అడ్డుపడుతుంది. నట్టుకూ బోల్టుకూ మధ్య ఉన్న సన్నని సందులో ఆక్సిజన్ ఉండదు. పైగా ఇనుము, రాగి వంటి లోహాలు ఆ చర్యను వేగిరపరుస్తాయి. గొలుసులు పెరిగి, ద్రవం గట్టి ప్లాస్టిక్‌గా మారుతుంది. సీసాను నిండా నింపకపోవడం, గాలి చొరబడనిచ్చే పాలిథీన్‌తో సీసా చేయడం కూడా ఇందుకే. సగం ఖాళీగా కనిపించే సీసాను చూసి మోసపోయామనుకునే కొనుగోలుదారుకు ఆ ఖాళీయే సరుకును కాపాడుతోందని తెలియదు.

ఇంతకీ బోల్టు ఎందుకు వదులవుతుంది? దీనికి నమ్మదగిన సమాధానం 1969లో జర్మన్ ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ ఇచ్చాడు. బోల్టును దాని పొడవు దిశలో లాగే బలాల కన్నా, బిగించిన భాగాలను అడ్డంగా జరిపే అదురే అసలు శత్రువని ఆయన ప్రయోగాలు చూపాయి. వాలుగా పెట్టిన బల్ల మీద కదలకుండా కూర్చున్న బరువును పక్కకు నెడితే, అది పక్కకు జరుగుతూనే కిందికీ జారుతుంది. మర చుట్లు కూడా వాలుబల్లలే. అడ్డంగా జారిన ప్రతిసారీ నట్టు రవంత వెనక్కి తిరుగుతుంది. తరతరాలుగా మెకానిక్కులు నమ్ముకున్న స్ప్రింగు వాషరు ఈ పరీక్షకు నిలవలేదు. అయినా అది నేటికీ దుకాణాల్లో అమ్ముడవుతూనే ఉంది. అలవాటు ముందు ప్రయోగం ఓడిపోవడం కొత్తేమీ కాదు.

యుంకర్ వాదంలో తరచు మరుగున పడే భాగం మరొకటుంది. భాగాలు అసలు జారకుండా ఉండాలంటే వాటిని నొక్కిపట్టేది బోల్టులోని బిగువే. బిగించిన బోల్టు రవంత సాగిన స్ప్రింగు లాంటిది. 8 మిల్లీమీటర్ల బోల్టును 25 న్యూటన్ మీటర్ల టార్క్‌తో బిగిస్తే అందులో సుమారు ఒకటిన్నర టన్నుల లాగుడు పుడుతుంది. పానా మీద పెట్టిన బలంలో దాదాపు పదోవంతే ఈ సాగుడుకు పోతుంది. మిగతాదంతా తల కింద, మర చుట్లలో ఒరిపిడికే ఖర్చు. అందుకే మరకు నూనె రాసి అదే టార్క్‌తో బిగిస్తే ఒరిపిడి తగ్గి, బోల్టు అనుకున్నదానికన్నా ఎక్కువ సాగుతుంది. ఒక్కోసారి తెగుతుంది కూడా. తడిగా ఉన్నప్పుడు జిగురూ కొంత నూనెలాగే పనిచేస్తుంది కాబట్టి, పొడి మరకు చెప్పిన టార్క్ అంకెను గుడ్డిగా వాడకూడదు. కొత్త జిగురు వచ్చాక బిగింపుతో పనిలేదన్న భ్రమ ఇక్కడే బెడిసికొడుతుంది. బిగువు చాలని బ్రేకు కాలిపర్ బోల్టుకు జిగురు రాస్తే నట్టు ఊడకపోవచ్చు. కాని భాగాలు జారుతూనే ఉంటాయి, లోహం అలసి బోల్టు విరగవచ్చు.

వెర్నన్ క్రీబుల్ 1964లో మరణించాడు. 1997లో జర్మనీకి చెందిన హెంకెల్ సంస్థ ఆ కంపెనీని కొనుగోలు చేసింది. ఇప్పుడు మోటార్‌సైకిల్ మెకానిక్ పెట్టెలో సాధారణంగా కనిపించేవి రెండు రంగులు: మామూలు పానాతో విప్పగలిగే నీలం, విప్పాలంటే దాదాపు 250 డిగ్రీల సెల్సియస్ దాకా వేడిచేయవలసిన ఎరుపు. ఈ తేడా తెలియక చిన్న బోల్టుకు ఎరుపు రాసినవారు తరవాత విరిగిన బోల్టు ముక్కను డ్రిల్లు పెట్టి తీస్తూ సాయంత్రాలు గడుపుతుంటారు.