ఆచితూచి ఆడించే మేనేజర్‌కు ఎంత గడువు ఇవ్వాలి?

1962లో ఇప్స్‌విచ్ టౌన్ ఇంగ్లాండ్ లీగ్ ఛాంపియన్ అయింది. అంతకు ముందు ఏడాదే రెండో డివిజన్ నుంచి పైకి వచ్చిన జట్టది. మేనేజర్ ఆల్ఫ్ రామ్సే. 1978లో బ్రయాన్ క్లఫ్ నడిపిన నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కూడా పైకొచ్చిన తొలి సీజన్‌లోనే టైటిల్ ఎగరేసుకుపోయింది. ఆ తర్వాత ఆ ఘనత మరే జట్టుకూ దక్కలేదు.

రోజులు మారాయి. 1981 నుంచి ఇంగ్లాండ్‌లో గెలుపుకు రెండుకు బదులు మూడు పాయింట్లు ఇస్తున్నారు. దాంతో డ్రాల విలువ పడిపోయింది. 1992లో ప్రీమియర్ లీగ్ మొదలయ్యాక టీవీ డబ్బు పై జట్ల వద్దే పోగుపడి, కింది నుంచి వచ్చేవారికి అందనంత ఎత్తు పెరిగింది. ఇరవై జట్లలో చివరి మూడూ దిగిపోతాయి కాబట్టి కొత్త జట్టు కన్ను ఇప్పుడు 17వ స్థానం మీద ఉంటుంది. ముందు గోల్ కాచుకుని, తర్వాత దాడి సంగతి చూసే మేనేజర్‌కు గిరాకీ పెరిగింది అందుకే. అభిమానులు విసుక్కునేదీ అతని మీదే. అలాంటివాడికి మొదటి సీజన్ మొత్తం అండగా నిలవాల్సిందే. లెక్క అడగాల్సింది ఆ తర్వాత.

స్టోక్ సిటీ సంగతి చూడండి. 2008లో టోనీ ప్యూలిస్ ఆ జట్టును పైకి తెచ్చాడు. తొలి మ్యాచ్‌లోనే బోల్టన్ చేతిలో 3-1తో ఓడింది. ఒక పందేల సంస్థ అప్పుడే స్టోక్ దిగిపోయినట్టు లెక్కగట్టి పందెం సొమ్ము చెల్లించేసింది! ప్యూలిస్ తన పద్ధతి మార్చుకోలేదు. రోరీ డెలాప్ గీత బయటి నుంచి గోల్ ముందుకు విసిరే పొడవాటి త్రోలు పెద్ద జట్లను బెంబేలెత్తించాయి. నవంబరులో ఆర్సెనల్‌పై 2-1తో గెలిచినప్పుడు రెండు గోల్సూ ఆ త్రోల నుంచే వచ్చాయి. స్టోక్ 45 పాయింట్లతో 12వ స్థానంలో నిలిచింది, 2011లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్ దాకా వెళ్లింది. ఆ ఆట అందంగా లేదన్న మాట నిజమే. కానీ ఆ ఊరికి ఐదేళ్ల పాటు పై లీగ్ మ్యాచ్‌లు చూపించింది ఆ ఆటే.

జాగ్రత్త అన్నిసార్లూ గట్టెక్కించదు. 2016లో పైకొచ్చిన మిడిల్స్‌బరో ఐటర్ కరాంకా చేతిలో డిఫెన్స్‌ను బిగించుకుంది, గోల్ కొట్టడం మాత్రం మరిచిపోయింది. మార్చిలో అతనిపై వేటు వేసినా ప్రయోజనం లేకపోయింది. 38 మ్యాచ్‌లలో 27 గోల్స్, ఐదు గెలుపులు, 13 డ్రాలు, 28 పాయింట్లు. మూడు పాయింట్ల కాలంలో డ్రాలతో బండి ఎంత దూరం లాగగలమో ఆ అంకెలే చెబుతాయి.

ఈ చర్చలో క్రిస్ హ్యూటన్ పేరు పదేపదే వస్తుంది. 2010లో న్యూకాజిల్‌ను పైకి తెచ్చాడు, అక్టోబరు ఆఖరున సండర్‌లాండ్‌ను 5-1తో చిత్తు చేశాడు. అయినా డిసెంబరులో, జట్టు 11వ స్థానంలో ఉండగానే, ఉద్వాసన పలికారు. అది ముమ్మాటికీ అన్యాయం.

బ్రైటన్‌లో జరిగింది వేరు. గోల్డ్‌స్టోన్ మైదానం 1997లో చేజారాక ఆ క్లబ్ ఏళ్ల తరబడి అథ్లెటిక్స్ ట్రాక్ ఉన్న విత్‌డీన్‌లో ఆడింది. 2011లో గానీ సొంత స్టేడియం దక్కలేదు. 34 ఏళ్ల ఎడబాటు తర్వాత 2017లో పై లీగ్‌కు చేర్చింది హ్యూటనే. తొలి సీజన్‌లో జట్టు కొట్టినవి 34 గోల్సే. వాటిలో పన్నెండు గ్లెన్ మర్రేవి. అయినా మాంచెస్టర్ యునైటెడ్‌ను 1-0తో ఓడించి లీగ్‌లో చోటు ఖాయం చేసుకుంది, 40 పాయింట్లతో 15వ స్థానంలో నిలిచింది. రెండో ఏడాది 36 పాయింట్లతో 17వ స్థానానికి జారింది. ఆఖరి 23 లీగ్ మ్యాచ్‌లలో గెలిచింది మూడే. ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్ ఆడిన ఏడాదే, సీజన్ ముగిసిన మర్నాడు, 2019 మే 13న అతన్ని పంపించేశారు.

ఆ నిర్ణయం మనసుకు కష్టంగా ఉన్నా సమర్థించక తప్పదు. తర్వాత వచ్చిన గ్రాహమ్ పాటర్ మొదటి రెండేళ్లలో తెచ్చినవీ 41, 41 పాయింట్లే. క్లబ్ ఓపిక పట్టింది, ఎందుకంటే ఆట ఎటు వెళుతోందో దానికి స్పష్టంగా కనిపించింది. మూడో ఏడాది 51 పాయింట్లు, తొమ్మిదో స్థానం. అలాంటి దారి ముందే గీసుకోకుండా మేనేజర్‌ను మార్చడం జూదమే. 2014 ఏప్రిల్‌లో నార్విచ్ ప్రమాద స్థానాలకు ఐదు పాయింట్లు పైన ఉండగా, ఇంకా ఐదు మ్యాచ్‌లు మిగిలి ఉండగా, ఇదే హ్యూటన్‌ను తప్పించింది. ఆ ఐదింటిలో దక్కింది ఒక్క పాయింటు. జట్టు దిగిపోయింది.

దాడిని నమ్ముకున్న కొత్త జట్ల గతి ఈమధ్య ఏమైందో తెలిసిందే. 2023లో విన్సెంట్ కొంపనీ నడిపిన బర్న్‌లీ 101 పాయింట్లతో పైకొచ్చి, అదే ధాటి ఆట ఆడి 24 పాయింట్లతో వెనుదిరిగింది. ఆ ఏడూ, ఆ తర్వాతి ఏడూ పైకొచ్చిన మూడు జట్లూ తిరుగుముఖం పట్టాయి.

ఇదే బర్న్‌లీ 2015లో షాన్ డైష్ చేతిలో దిగిపోయినప్పుడు అతన్ని వదులుకోలేదు. అతను మరుసటి ఏడాదే కింది లీగ్ అయిన ఛాంపియన్‌షిప్ గెలిపించి జట్టును వెనక్కి తెచ్చాడు. 2018లో ఏడో స్థానంలో నిలిపి యూరోపా లీగ్ క్వాలిఫయింగ్‌కు తీసుకెళ్లాడు. ఆ సీజన్ మొత్తంలో బర్న్‌లీ కొట్టినవి 36 గోల్స్, ఇచ్చినవి 39.