నల్ల ద్రవం లోపల ఎటు తిరుగుతోంది?

అయస్కాంతం దగ్గరికి తేగానే ముళ్లపందిలా లేచి నిలబడే నల్ల ద్రవం రీల్స్ మీరు చూసే ఉంటారు. దాని పేరు ఫెర్రోఫ్లూయిడ్. ఈరోజు దాని అందం గురించి కాదు, అది సైంటిస్టులను ఎలా తికమక పెట్టిందో చెప్తాను.

1963లో నాసా ఇంజినీర్ స్టీవ్ పాపెల్‌కి ఒక సమస్య వచ్చింది. భారరహిత స్థితిలో రాకెట్ ఇంధనం ట్యాంకులో ఎటుపడితే అటు తేలిపోతుంది. దాన్ని అయస్కాంతంతో పంపు వైపు లాగితే? ఆయన మాగ్నెటైట్‌ని చాలా మెత్తగా నూరి ద్రవంలో కలిపాడు. రేణువులు ఒకదానికొకటి అంటుకోకుండా ఓలియిక్ యాసిడ్ వేశాడు. అలా పుట్టింది ఇది.

1967లో మాస్కోవిట్జ్, రోజెన్స్‌వైగ్ ఈ ద్రవాన్ని తిరిగే అయస్కాంత క్షేత్రంలో పెట్టారు. గరిటె లేదు, ఫ్యాన్ లేదు. అయినా ద్రవం తిరిగింది! తర్వాత ఇంకో వింత బయటపడింది: చాలాసార్లు పైభాగం క్షేత్రానికి ఎదురు దిశలో తిరిగేది.

ఇక్కడే అసలు చిక్కు. రెండు బొంగరాలు పక్కపక్కనే ఒకే దిశలో తిప్పండి. అవి తగిలేచోట ఒకటి ఇటు తోస్తే, రెండోది అటు తోస్తుంది. కోట్ల రేణువులు అలా తిరిగితే మధ్యలో తోపులన్నీ రద్దయిపోవాలి కదా? మరి ద్రవం మొత్తం ఎందుకు కదిలింది?

గోడ దగ్గర మొదలైన తేడా లోపలికి పాకుతుందని ఒక సిద్ధాంతం వచ్చింది. 1990లో రోజెన్స్‌వైగ్ బృందమే దాన్ని ప్రశ్నించింది. ద్రవం అంచు వంపు మారితే తిరిగే దిశ కూడా మారుతోందని చూపించింది. అంటే తిప్పేది ఉపరితలం అన్నమాట.

కానీ ద్రవం నల్లగా ఉంటుంది, లోపల ఏమీ కనపడదు. 2006లో కార్లోస్ రినాల్డి, మార్కస్ జాన్ తదితరులు అల్ట్రాసౌండ్‌తో లోపలికి చూశారు. పైన ఎదురుగా తిరుగుతుంటే, లోపల మాత్రం క్షేత్రం దిశలోనే తిరుగుతోంది! పైన మూత పెట్టినా ఆగలేదు. పాత సిద్ధాంతానికి మళ్లీ ప్రాణం వచ్చింది.

కథ అయిపోయిందా? లేదు. 2011లో అదే జాన్, ఖుష్రుషాహితో కలిసి గోళాకారపు పాత్రలో, అంతటా సమానంగా ఉండే క్షేత్రంలో మళ్లీ పరీక్షించాడు. ద్రవం దాదాపు కదల్లేదు. అంటే అంతకుముందు లోపల తిప్పింది, పాత్ర ఆకారం వల్ల క్షేత్రంలో వచ్చిన హెచ్చుతగ్గులే అయ్యుండాలి.

నాకు నచ్చింది ఇదే. ఇందులో రెండుసార్లు, ఆ ప్రయోగాలు చేసినవాళ్లే మళ్లీ వెళ్లి తమ లెక్క సరిచూసుకున్నారు. మనం పదిహేను సెకన్ల రీల్‌లో పైపైన చూసి తేల్చేస్తాం. లోపల ఎటు తిరుగుతుందో చూడకుండా నేను కూడా చాలాసార్లు తేల్చేశాను. ఇకమీదట కొంచెం ఆగుతాను.