పొగలోనికి మోసికొనిపోయిన గాలి

గుండ్లకమ్మ యొడ్డున వెలసిన అద్దంకికి తెలుగు చరిత్రలో రెండు ఘనతలు కలవు. తొమ్మిదవ శతాబ్ది మధ్యమున వేంగి నేలిన గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని శాసనమునందు తెలుగు పద్యము శిలమీద నిలిచినది ఇచ్చటనే. పదునాలుగవ శతాబ్దిలో ప్రోలయ వేమారెడ్డి తన రాజ్యమునకు తొలి రాజధానిగా ఎన్నుకొన్నది ఈ పట్టణమునే. ఆ విజయాదిత్యుని దండయాత్రలలో కిరణపురదహనము ప్రఖ్యాతమైనది. పురములను కాల్చినవారి కీర్తి శాసనములకెక్కినది గాని, కాలుచున్న యిండ్లలోనికి చొచ్చి మనుష్యులను వెలికి తెచ్చినవారి పేర్లు ఏ శిలమీదను నాకు కానరాలేదు. ఈ వ్యాసము ఆ రెండవ తెగవారు వీపున మోయు ఒక సాధనమును గూర్చినది. అగ్నిమాపక కేంద్రములలో దానిని బీఏ (బ్రీతింగ్ ఆపరేటస్) సెట్టు అందురు: గాలి నింపిన సిలిండరు, ఆ గాలి ఒత్తిడిని తగ్గించు కవాటము, ముఖమునకు బిగించుకొను మాస్కు, వీనినన్నింటిని మోయు పట్టీలును చట్రమును.

ఈ సాధనపు అవసరము మన పల్నాటి, ఒంగోలు మైదానములలో ప్రాచీనమైనది కాదు. పూర్వము ఇచ్చటి అగ్నిప్రమాదము ఆకాశము క్రింద జరిగెడిది. తాటాకు కప్పులు, చొప్ప వాములు, వరిగడ్డి మేట్లు, నడుమ ఇరుకైన వీధులు. రోహిణికార్తెలో పడమటి గాలి చెలరేగి వీచునప్పుడు ఒక పొయ్యినుండి లేచిన రవ్వ ఒక పేటనంతటిని బూడిద చేయగలిగెడిది. అట్టి వేళ ఊరివారు చేసిన పని ఒక్కటే: కాలుచున్న యింటిని దాని కర్మమునకు వదలి, ప్రక్కయింటి కప్పును కొంకులతో లాగివేసి, నిప్పు దాటకుండ ఎడము కల్పించుట, బావి నుండి కడవలు చేతులు మార్చుకొనుచు తెచ్చి చల్లుట. అప్పుడు జ్వాలయే శత్రువు. పొగ మీదికి పోయి గాలిలో కలిసిపోయెడిది గనుక దానిని లెక్కించినవాడు లేడు.

నిప్పును గోడల నడుమ బంధించిన నాటినుండి ఈ లెక్క తారుమారైనది. ప్రత్తి పండిన నేలమీద జిన్నింగు మిల్లులు లేచినవి. పొగాకు బ్యారన్లు లేచినవి. మిరప విస్తరించిన కొలది గుంటూరునుండి ఇటు మా ప్రాంతము వరకు శీతల గిడ్డంగులు లేచినవి. బేలుగా అదిమి కట్టిన ప్రత్తిలో నిప్పు మండదు, రాజుకొనును. పైన నీరు పోసి ఆర్పితిమని తలంచిన బేలు నడుమ అది గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది, కనబడక నిలిచి, పొగను మాత్రము వెలికి పంపుచుండును. ఇక మిరప సంగతి తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. దిష్టి తీసి నిప్పులో వేసిన నాలుగు కాయల ఘాటునకే యిల్లంతయు దగ్గు పట్టుచుండగా, కిటికీలు లేని గదులలో వేలకొలది టిక్కీలు, అనగా మిరప బస్తాలు, రాజుకొన్నప్పుడు లేచు పొగను ముక్కునకు తడిగుడ్డ కట్టుకొని ఎదుర్కొనుట ఎవరి తరము? అదియు గాక, ఆ గిడ్డంగులను చల్లబరచుటకు వాడునది అమోనియా; గొట్టము పగిలినచో నిప్పు లేకయే ఊపిరి తీయరాని చోటు ఏర్పడును.

కంటికి నీరు తెప్పించు ఘాటుకంటె భయంకరమైనది వాసన లేని విషము. ఆమ్లజని చాలక కాలిన ప్రతి వస్తువునుండియు కార్బన్ మోనాక్సైడు పుట్టును. రక్తములోని హిమోగ్లోబిను ఆమ్లజనికంటె దానిని రెండువందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును గనుక, దానిని పీల్చినవాడు తనకు ఆపద కలిగెనని యెరుగకయే మందగించి, దారి తప్పి, కూలబడును. మామూలు గాలిలో నూటికి ఇంచుమించు ఇరువదియొక్క పాలు ఆమ్లజని యుండగా, మూసిన గదిలో నిప్పు ఆ పాలును కూడ తినివేయును. పొగను వడగట్టినంతమాత్రమున లేని ఆమ్లజని రాదు. ఈ చిన్న సత్యమును గ్రహించుటకు లోకమునకు చాల కాలము పట్టినది.

ఇంగ్లాండులో డీన్ సోదరులలో ఒకడైన చార్లెస్ 1823లో పొగలో ధరించు శిరస్త్రాణమునకు పేటెంటు పొందెను. బయటనుండి తిత్తులతో గొట్టము ద్వారా గాలి కొట్టెడివారు. అది అగ్నిమాపకులకు అంతగా ఉపకరింపక, తుదకు సముద్రములో మునుగువారి టోపీకి మూలమైనది. తరువాత భౌతికశాస్త్రజ్ఞుడు జాన్ టిండల్, గాలిలోని ధూళిని దూది ఎట్లు పట్టుకొనునో ప్రయోగములతో చూపిన మహాశయుడు, 1871 ప్రాంతమున అగ్నిమాపకులకై ఒక శ్వాసపేటిక కల్పించెను. గ్లిజరినుతో తడిపిన దూది, బొగ్గు, సున్నము పొరలు పొరలుగా పేర్చి, దానిగుండ గాలి పీల్చునట్లు అమర్చెను. దూది మసిని, బొగ్గు ఘాటైన ఆవిరులను పట్టినవి గాని, కార్బన్ మోనాక్సైడును పట్టునది అందులో ఏదియు లేదు. ప్రత్తిపైరు పండు నేలవాడను గనుక, పొగనుండి మనుష్యుని కాపాడ శాస్త్రము చేతబట్టిన పదార్థములలో మన దూదియు ఒకటి యైనదని చదివినప్పుడు నాకు సంతోషము కలిగినది. ఆ సాధనపు లోపము కూడ అంతే స్పష్టముగ నా మనస్సున నాటినది.

కొరత తీరవలెనన్న గాలిని వెంట మోసికొనిపోవలెను. హెన్రీ ఫ్లూస్ 1878లో ఆమ్లజనిని అదిమి నింపిన చిన్న పాత్రను, విడిచిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును హరించు క్షారమును ఒక్కటిగా కూర్చి, అదే ఊపిరిని మరల మరల పీల్చుకొను సాధనమును సిద్ధము చేసెను. జర్మనీలో డ్రేగర్ కర్మాగారము ఇరువదవ శతాబ్దపు తొలి యేండ్లలోనే అట్టి సెట్లను గనులకు పంపెను. 1906 మార్చి 10న ఫ్రాన్సులోని కూరియేర్ బొగ్గు గనిలో ధూళి ప్రేలి 1,099 మంది మరణించినప్పుడు, జర్మను గని రక్షకదళము తమ శ్వాససెట్లతో సరిహద్దు దాటి వచ్చి గనిలో దిగినది. రెండు దేశముల నడుమ వైరము మరుగుచున్న కాలమున జరిగిన ఆ సాయము గొప్పది. తెలుగునాట ఈ విద్యను నిలిపినవి సింగరేణి గనుల రక్షణ కేంద్రములు. భూగర్భమున దూరము నడువవలసిన వారు గనుక గంటలకొలది పనిచేయు ఆమ్లజని సెట్లతోనే వారు అభ్యాసము చేయుదురు.

ఇంటి మంటకు, గిడ్డంగి మంటకు మాత్రము వేరొక మార్గము స్థిరపడినది: అదిమిన మామూలు గాలిని పీల్చి, విడిచిన ఊపిరిని బయటకే వదలివేయుట. పీల్చినప్పుడు మాత్రమే గాలి నిచ్చు కవాటపు తలంపు 1860లనాటి ఫ్రెంచివారు రూకెరోల్, దెనెరూజులది. రెండవ ప్రపంచయుద్ధమున ఎత్తున ఎగురు వైమానికుల ఆమ్లజని పరికరములు చేసిన అమెరికా సంస్థ స్కాట్, ఆ నేర్పునే నేలకు దించి 1945లో అగ్నిమాపకులకు ఎయిర్‌ప్యాక్ ఇచ్చినది. ఉక్కు సిలిండరు బరువునకు విసిగి అగ్నిమాపకులు సెట్టు ధరించుటయే మానుచుండిరని కనుగొని, 1970లలో అంతరిక్ష సంస్థ నాసా నూలువలె చుట్టిన గాజునారతో తేలిక సిలిండరు చేయించి, సెట్టు మొత్తపు బరువును సుమారు మూడవ వంతు తగ్గించినది.

ఇంతవరకు యంత్రకథ. దీనికంటె నన్ను ఎక్కువగా ఆకర్షించినది క్రమశిక్షణ కథ. అందులో ప్రధానఘట్టము లండనులోని ఒక శీతల గిడ్డంగిలోనే జరిగినది. 1958 జనవరి 23 తెల్లవారుజామున స్మిత్‌ఫీల్డు కోడిమాంసపు బజారు నేలమాళిగలో నిప్పు పుట్టెను. నేల క్రింద అల్లిబిల్లి దారులు, చలి పోకుండ పొదిగిన గోడలు, దొంతరలుగా మాంసము. జ్వాల కానరాదు, నల్లని పొగ మాత్రము కదలక నిలిచియున్నది. ఆమ్లజని సెట్లు ధరించి లోనికి దిగిన వారిలో స్టేషన్ ఆఫీసరు జాక్ ఫోర్ట్-వెల్సు, ఫైర్‌మన్ రిచర్డు స్టాకింగు తిరిగి రాలేదు. వారికి సాధనము కలదు, శిక్షణ కలదు, ధైర్యము సరేసరి. లేనిది బయట ఒక లెక్క. ఎవరు ఎప్పుడు దిగిరి, వారి వెంట ఎంత ఆమ్లజని కలదు, అది ఎప్పుడు చెల్లిపోవును అని వాకిట నిలిచి చూచుకొను పద్ధతి అంతటను స్థిరపడలేదు. అంతకు ముందు 1949లో కోవెంట్ గార్డెను గిడ్డంగి మంటలో ఒకడు మరణించినప్పుడు హెచ్చరిక వినబడినను, అది నియమముగా మారుటకు ఇంకను ఇద్దరి ప్రాణములు కావలసివచ్చినవి. అప్పటినుండి లోనికి పోవు ప్రతివాడును తన పేరు, సిలిండరులోని ఒత్తిడి, దిగిన సమయము గల బిళ్లను వాకిట లెక్కపలక పట్టి నిలిచినవానికి అప్పగించి పోవలెనని, గాలి తరుగునప్పుడు ఈల మ్రోగవలెనని ఏర్పడినది. నేడు పలు దేశములలో అగ్నిమాపకులు పాటించు ఇట్టి నియమములకు ఆ నేలమాళిగ ఒక ముఖ్యమైన మూలము. మన మిర్చి గిడ్డంగులను చూచిన వారెవరైన ఆ మాళిగకు వీనికి గల పోలికను వెంటనే గ్రహింతురు: పొదిగిన గోడలు, అంతస్తులుగా పేర్చిన సరకు, ఒకటి రెండు తలుపులు, లోన చీకటి.

గాలిని లెక్కించుట ఎట్లనగా, ఆరు లీటర్ల సిలిండరులో 300 బార్ల ఒత్తిడితో నింపిన గాలి 1800 లీటర్లు. నిమిషమునకు 40 లీటర్ల చొప్పున పీల్చిన 45 నిమిషములు వచ్చునని కాగితము చెప్పును. గొట్టము లాగుచు, మెట్లెక్కుచు, భయమును మ్రింగుచు పనిచేయువాడు 60 లీటర్లు పీల్చును. అప్పుడు మిగులునది అరగంట. ఒత్తిడి 55 బార్ల ప్రాంతమునకు దిగగానే ఈల మ్రోగును, అప్పటికి చేతనున్నది 330 లీటర్లు. లోనికి పోవుటకు పట్టినంత సేపు వెలికి వచ్చుటకును పట్టును గనుక, ఈల విని వెనుదిరిగినవాడు ఆలస్యము చేసినవాడే; ఈల మ్రోగునప్పటికి వాకిట ఉండవలెను. ఒంటరిగా ఎవరును పోరాదు. ఇద్దరు కలిసి దిగినప్పుడు ఎవని గాలి ముందు తరుగునో వానితో ఇద్దరును మరలవలెను.

ఇక పోషణ. ఇది గుర్తింపు లేని పని, నా దృష్టిలో అన్నింటికంటె ముఖ్యమైన పని. స్టేషనులో విధి మారినప్పుడెల్ల సిలిండరు నిండుగ నున్నదా చూడవలెను. కవాటము తెరచి గొట్టములలో గాలి నిండిన పిదప మూసి, ఒక నిమిషములో ముల్లు పది బార్లకు మించి దిగకుండునేమో గమనింపవలెను. మెల్లగా గాలి వదలుచు ఈల తన అంకెవద్ద మ్రోగుచున్నదా వినవలెను. మాస్కు ధరించి, గాలి వచ్చు ద్వారమును అరచేత మూసి పీల్చినప్పుడు అది ముఖమునకు అంటుకొనవలెను. గడ్డము పెరిగిన చోట మాస్కు అంటదు గనుక ప్రతిదినము గడ్డము గీసికొనుట ఆ యుద్యోగములో అలంకారము గాక ఆత్మరక్షణమైనది. వాడిన మాస్కును సబ్బు కలిపిన గోరువెచ్చని నీట కడిగి నీడను ఆరవేయవలెను; మన వేసవి యెండలో ఆరవేసిన రబ్బరు పెళుసుబారి పగులును. కంప్రెసరు ఏ బండి పొగను పీల్చి సిలిండరులోనికి నింపినను, మనుష్యుడు పొగనుండి పారిపోవుటకు పొగనే మోసికొని పోయినట్లగును. కావున గాలి తీయు నోరు శుభ్రమైన చోట ఉండవలెను, నూనెను తేమను పట్టు వడపోతలు వేళకు మార్చవలెను. తొందరగా నింపిన సిలిండరు వేడెక్కి నిండినట్లు కనబడి, చల్లారిన తరువాత ముల్లు దిగిపోవును. నింపువానికి ఓర్పు కావలెను. గడువు ప్రకారము జలపీడన పరీక్ష జరిగిన తేదీ సిలిండరు మీద ఉండవలెను. చుట్టిన నార చెక్కుకొనిపోయిన సిలిండరును ఎంత ఖరీదైనను ప్రక్కన పెట్టవలెను. ఈ సెట్ల నిర్మాణమునకు మన దేశమున ఐఎస్ 10245 రెండవ భాగము ప్రమాణము.

భారతదేశమున ఏటా ఏప్రిల్ 14న మొదలగు అగ్నిమాపక వారోత్సవములకును ప్రత్తికిని సంబంధము కలదని చాలమంది యెరుగరు. 1944లో ఆ దినమున బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అను ఓడయందు ప్రత్తి బేళ్లును ప్రేలుడు సామగ్రియు ఒక్కచోటనే కలవు. బేళ్లలో రాజుకొన్న నిప్పు ఆర్పుచుండగా ఓడ ప్రేలి 66 మంది అగ్నిమాపకులు మరణించిరి. ఆ ప్రేలుడును ఏ మాస్కును ఆపజాలదు గాని, బేలులోని నిప్పు ఎట్టి మోసగత్తెయో మనకు నేర్పినది ఆ యోడయే. నిప్పు లేకయే ఈ సెట్టు అవసరపడిన దినమును మన రాష్ట్రము చూచినది: 2020 మే 7 వేకువన విశాఖపట్టణము చెంత ఆర్.ఆర్. వెంకటాపురముపై ఎల్జీ పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి క్రమ్మి, జనులు వీధులలో కూలిపోయి పండ్రెండుగురు మరణించినప్పుడు, ఇల్లిల్లు తిరిగి వెదకినవారు గాలిని వీపున మోసికొనిపోయిరి.

మా ప్రాంతపు గిడ్డంగులకు క్రొత్త మిరప మాఘఫాల్గుణముల నుండి చేరును. అంతకు ముందు కొన్ని వారములు గదులు చాలవరకు ఖాళీగ నుండును. ఆ దినములలో యజమానులు తలుపులు తెరచి స్టేషనువారిని పిలువవలెనని నా విన్నపము. వారు మాస్కు అద్దమునకు నల్లగుడ్డ కప్పుకొని, గొట్టమును చేత తడుముచు, గోడవెంబడి అంతస్తు అంతస్తునకు పోయి రావలెను. ఏ మెట్టు ఎచ్చట విరిగినదో, అమోనియా కవాటము ఎచ్చట నున్నదో, చివరి గదినుండి వాకిటికి ఎన్ని నిమిషములు పట్టునో వ్రాసికొనవలెను. ఆ వ్రాత ప్రతి యొకటి స్టేషనులోను, ప్రతి యొకటి గిడ్డంగి వాకిటను ఉండవలెను.