ఇసుక చాటు నదులు

గుంతకల్లు నుండి బళ్ళారికి పోవు రైలు హగరి వంతెన నెక్కునప్పటికి, వేసవి ప్రయాణికునకు క్రింద ఇసుకయే కానవచ్చును. పడమట ఈ హగరి, తూర్పు దక్షిణములందు పెన్న. ఈ రెండేరుల నడిమి మెరకపై గుంతకల్లు వెలసినది. బాబాబుడన్ గిరులలో పుట్టిన వేద, అవతి యను వాగుల కలయికచే వేదవతియై, హగరి యనియు పేరొందిన ఆ యేరు తుంగభద్ర ద్వారా కృష్ణను చేరుచుండగా, నందిదుర్గ ప్రాంతమున జనించిన పెన్న ఉత్తరమునకు సాగి, పామిడి వైపు తూర్పునకు మళ్లి, తానే సముద్రమున కలియును. కావున ఈ మెరకపై పడిన వాన, వాలును బట్టి, కృష్ణ పాలో పెన్న పాలో అగును.

ఆ వానయు స్వల్పమే. పడమటి కనుమలు దాటివచ్చు నైరుతియు, తూర్పు తీరము విడిచివచ్చు ఈశాన్యమును ఇచ్చటికి చేరునప్పటికి చిక్కిపోవుటచే, గుంతకల్లున్న జిల్లాకు ఏటా సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే దక్కును. ఆషాఢపు గాలులు హగరి ఇసుకను లేపి, కణేకల్లు, బొమ్మనహాళ్ పొలములపై దిబ్బలుగా పోయును.

అయినను ఏరు పూర్తిగా ఎండినదని చెప్పరాదు. ఇసుకలో చెలమ తోడగా తొలుత తడి తగులును, పిదప బురదనీరు ఊరును. దానిని రెండు మూడు మార్లు చిప్పతో పారబోసినచో తేటనీరు నిలుచును. ఈ ఊటనే కాలువలు త్రవ్వి పూర్వులు పైరులకు మళ్లించుకొనిరి.

నేలపై నీరు నిలుపుటకు మాత్రము చెరువులే శరణ్యములైనవి. పెన్న పరీవాహమునందే, కడప సీమలోని పోరుమామిళ్ల చెరువును బుక్కరాయల కుమారుడు భాస్కరుడు వేయిమంది కూలీలతో, నూరు బండ్లతో రెండేండ్లు కట్టించెనని 1369 నాటి శాసనము తెలుపుచు, చౌడునేల మొదలగు తటాకదోషములను సైతము పేర్కొన్నది. కట్టించుటతో పని తీరలేదు. మరమ్మతు భారము వహించిన వారికి దశబంధ ఇనాములొసగెడి వాడుక ఈ సీమయందు చిరకాలము నిలిచెను.

1953లో నీరు నిలిపిన తుంగభద్ర ఆనకట్ట నుండి ఎగువ కాలువ రాగా, కృష్ణకు పోవలసిన నీరు మెరక దాటి పెన్నను చేరినది. గుంతకల్లుకును ఒక శాఖ దక్కినది. కాని ఆనకట్ట నిండని యేట కాలువ చివరి పొలము తడియదు. పూడిక తీసి, కట్ట గట్టిచేసి, తూము బాగుచేసికొన్న చెరువు మాత్రము కురిసిన కొద్దిపాటి వానను పట్టి, చుట్టుపట్ల బావులలో ఊట నిలుపును.